గోడ దగ్గరి బాణం

— తాతా, అందరం డెక్ మీద కూర్చుంటే నువ్వొక్కడివే కిచెన్‌లో కూర్చుంటావ్. వై?

ఎందుకంటె... భయం బిడ్డా. నవ్వకు. ఇరవై ఎనిమిదేండ్లు కాల్వల మీద, తూముల మీద ఓవర్‌సీర్ పని చేసినోన్ని, నాకు డెక్కంటె భయం. ఆ పుస్తకం మూసెయ్. కాదు కాదు, తెరిచే ఉంచు, దాంతోటి పనున్నది. మెకానిక్సే గదా నువ్వు సదివేది? ఆఁ. నేను గూడ ఆ పేపర్ సదివిన, యాభై రెండేండ్ల వయసుల, ఈ దేశంలనే.

మీ అమ్మ పెండ్లయినంక మమ్ములను గూడ ఇక్కడికి తెచ్చుకున్నది గదా. వెల్లింగ్టన్ పక్కన ఈ లోవర్ హట్‌ల మీ డాడీ అప్పుడప్పుడే ఇల్లు కొన్నడు, గుట్ట మీద. నా డిప్లొమా ఇక్కడ చెల్లదన్నరు. డైరీల, అంటె ఈడి కిరాణ కొట్టుల, కౌంటర్ కాడ నిలవడి పిల్లలకు చాక్లెట్లు, ఐస్‌క్రీములు అమ్మిన. ఓవర్‌సీర్ సాబ్ అని పిలిపించుకున్నోన్ని! అల్లుని ముంగట తలకాయ ఎత్తుకోవాలె గదా అని శనివారం క్లాసులల్ల చేరిన, వెల్లింగ్టన్‌ల. రైలెక్కి పోయేటోన్ని. టికెట్ అప్పుడెంతనో... యాదికస్తలేదు తీయ్, ఇప్పటంత మాత్రం కాదు. క్లాసుల అందరు మా అల్లుని కంటె చిన్నోళ్లే. ఒక సారు ఉండె, తెల్లాయన, సన్నగ, చాక్‌పీసు పొడి కోటుకంతా. కోపమే రాదాయనకు.

ఏం చెప్తున్న? ఆఁ, డెక్కు. ఇంటి ముంగట డెక్కు, గదే చెక్కల అరుగు, లేదని మీ డాడీ అంటుంటే, నేను కడ్త అన్న. కాల్వలు కట్టినోనికి ఇదొక పనా అని. గుట్ట కాబట్టి డెక్కు ఒక అంతస్తు ఎత్తుల వస్తది. కౌన్సిల్‌ను అడుగుదమా మామా అన్నడు. ఇంత దానికి పర్మిషన్ ఎందుకయ్యా అన్న. చూడు నా పొగరు! దూలాలు ఇంతింత లావువి తెచ్చిన, రైలు పోయినా కదలొద్దన్నట్టు. బయటి దిక్కు పోస్టులు పాతి కాంక్రీట్ పోసిన. లోపటి దిక్కు గోడకు పొడుగు దూలం ఒకటి ఆనిచ్చి మేకులు కొట్టిన. నాలుగించుల మేకులు, డబ్బాడు. అంతే. బోల్టుల్లేవు.

అరే, నాకేం తెలుసు? నేను సిమెంటు మనిషిని. మా పనిల స్లాబూ బీమూ ఒక్కటే పోతల పోస్తరు, లోపట ఇనుము వంచి కట్టినమంటే అయిపాయె. ఇది దీన్ని ఎట్ల పట్టుకుంటది అని అడిగే పనే పడలే నాకు ఎన్నడు. దూలం గట్టిదైతె సాలనుకున్న.

ఇగ ఆ యేడు బతుకమ్మ. మనోళ్లు ఈ చుట్టుపక్కల అప్పుడు పదిండ్లు గూడ లేరు. ఫిజీ నుంచి వచ్చిన తెలుగోళ్లు గూడ వస్తమన్నరు, వాళ్ల పెద్దమ్మ ఒకామె ఉండె, భలే ఆమె, తెలుగు సగం హిందీ సగం మాట్లాడుతది... ఆమె ముచ్చట తర్వాత చెప్త. తంగేడు ఏడ దొర్కుతది ఈడ? పసుపు పచ్చని డాఫోడిల్ పూలు, చామంతులు పేర్చింది మీ అమ్మమ్మ. గడ్డిల ఆడుదమనుకున్నరు. ఆ దినం శనివారం, నాకు క్లాసు. మధ్యాహ్నం ఫోన్ చేస్తె మీ అమ్మమ్మ అన్నది, "వాన వడి గడ్డంత బురదయ్యింది. నీ డెక్కు ఉండనే ఉండె, దాని మీదనే ఆడుతం. అందరు మెచ్చుకుంటున్నరు." నా రొమ్ము ఇంతయ్యింది. "మంచిగ ఆడుండ్రి" అన్న. నేనే అన్న బిడ్డా, ఈ నోటితోటే.

మళ్ల క్లాసుకు పోయిన. సారు బోర్డు మీద ఒక గీత గీసిండు. ఫ్రీ బాడీ డయాగ్రమ్. నీ పుస్తకంల ఉన్నది సూడు, ఇదే. వస్తువును అన్నిటి నుంచి కోసి పక్కకు తీయుండ్రి, ఇప్పుడు దాన్ని ఏమేం పట్టుకొని ఉన్నయో ఒక్కొక్క దానికి బాణం గీయుండ్రి అన్నడు. మీ ఇంట్లదే ఏదన్న తీసుకోండ్రి అన్నడు. నేను నా డెక్కు గీసిన, హుషారుగ. పోస్టుల కాడ పైకి బాణం. గోడ కాడ పైకి బాణం. సారు నా వెనకొచ్చి నిలవడ్డడు. గోడ కాడి బాణం మీద వేలు పెట్టి, మెల్లగ, "ఇది ఎవరిస్తున్నరు?" అన్నడు.

మేకులు సార్ అన్న. ఆయన ఒక్కసారి నా మొకం దిక్కు చూసిండు. నేను మంది లెక్క రాసిన. మా ఇంటామె, బిడ్డ, ఫిజీ పెద్దమ్మ, ఆమె కోడండ్లు... ఇరవయ్యారు. మనిషికి అరవై కిలోలు, అండ్ల సగం ఆ మేకుల మీదనే. మళ్ల సారే మొన్ననే చెప్పిండు, అందరు ఒక్కసారే అడుగేస్తె ఆ బరువు నిలవడ్డ బరువు కాదని. బతుకమ్మల ఏం చేస్తరు? అందరు ఒక్కసారే వంగుతరు, ఒక్కసారే అడుగేస్తరు! నా పై ప్రాణాలు పైననే పోయినయ్.

ఫోన్ చేసిన. ఎవ్వరెత్తలే. ఎట్లెత్తుతరు, పాటలల్ల ఉన్నరాయె. మళ్ల చేసిన. స్టేషన్‌కు ఉరికిన. పోలీసోళ్లకు ఫోన్ చేద్దునా, ఏమని చెప్పాలె? ఇంకా ఏం కాలే గదా! రైలు సముద్రం పొంటి పోతుంటది గదా, ఆ దినం గాలికి నీళ్లు కిటికీల మీద కొడుతున్నయ్, ప్రతి స్టేషన్ల ఆగుతుంటది, తలుపు తెరుస్తది, మూస్తది. దేవుళ్లందరికి మొక్కిన. మొక్కుకుంటనే మేకులు లెక్క పెట్టుకున్న, ఎన్ని కొట్టిన, ఎన్ని కొట్టిన అని.

గుట్టెక్కేసరికి పాట వినవడ్డది. వినవడుతుంటె ఏడుపొచ్చింది, బతికున్నరని. కింద నిలవడి డెక్కు అడుగు దిక్కు చూసిన. గోడకు దూలానికి నడుమ సందు. వాళ్లు అడుగేసినప్పుడల్ల ఆ సందు తెరుసుకుంటది, మూసుకుంటది. మేకులు తెల్లగ మెరుస్తున్నయ్. అంటె అప్పుడే బయటికొచ్చినయన్నట్టు.

అరుద్దునా? అరిస్తె ఏం చేస్తరు? భయపడి ఇంట్లకు ఉరుకుతరు. ఇంటి తలుపు ఏడున్నది? గోడకే. అందరి బరువు ఒక్కసారి మేకుల మీదనే పడ్తది. బయటి దిక్కు, పోస్టుల కాడ మెట్లున్నయ్. ఆడికెళ్లే దిగాలె, ఒక్కొక్కలే. మెట్లెక్కి మీ అమ్మమ్మను సైగ చేసి పిలిచిన. "బతుకమ్మ ఎత్తు. కింద టబ్బుల సాగనంపుదం" అన్న. "ఇప్పుడే ఏంది, ఇంకా పాటలున్నయ్, సద్దుల ప్రసాదం పంచలే" అన్నది. అని నా మొకం చూసింది. నలభై ఏండ్ల సంసారం... అప్పటికింకా ముప్పై కాలేదు తీయ్. బతుకమ్మ నెత్తి మీద పెట్టుకొని మెట్లు దిగింది. బతుకమ్మ లేస్తె ఇగ ఎవరాగుతరు? పాట పాడుకుంటనే ఒకరెనక ఒకరు దిగిన్రు. నేను మెట్ల కాడ నిలవడి లెక్క పెడుతున్న. నాలుగు, ఐదు, ఆరు.

ఇరవై ఐదైనయ్. మీ అమ్మ ఇంకా రాలే.

తలుపు పక్కన కుర్చీల కూసున్నది, గోడకు ఆనుకొని. ఆడలేదు గదా, ఏడో నెల. సక్కగ ఆ మేకుల మీద. "నాన్నా, జర చెయ్యియ్యి, లేస్త" అన్నది. నేను పోలే. బిడ్డా, నేను పోలే! నా బరువు గూడ ఆడ పడ్తదని ఒక్క అడుగు ముందుకెయ్యలే. "నువ్వే లే తల్లీ, మెల్లగ రా" అన్న. నా దిక్కు ఎట్ల చూసిందంటె... నాన్నకు ఏమైందని. కుర్చీ పట్టుకొని లేసింది. లేస్తుంటె కింద ఒక మేకు కిర్రుమన్నది. నడిచొచ్చింది. పది అడుగులుంటయేమో. ఆ పది అడుగులు నాకు ఇప్పటికి పండుకుంటె కండ్లల్ల మెదుల్తయ్.

కూలలే. ఆ దినం కూలలే. తెల్లారి పలకలు విప్పి, ఆ దూలం మేకులు చేతి వేళ్లతోటి పీకితె వచ్చినయ్. మీ డాడీ, "మంచిగనే ఉండె గదా మామా, ఎందుకు విప్పుతున్నవ్" అంటె, చేతిల మేకు పెట్టిన. సారుకు గూడ అంతా రాసిచ్చిన. ఆయన పాస్ చేసిండు నన్ను. నేనైతె నన్ను పాస్ చెయ్యలే ఇంకా. ఇప్పుడున్న డెక్కు కౌన్సిలోళ్లు చూసి సంతకం పెట్టినదే, బోల్టులున్నయ్, తెలుసు. తెలిసినా కాళ్లు రావు.

ఆ నోట్‌బుక్కు ఇంకా ఉన్నది నా పెట్టెల. ఆ కాయితం అప్పుడప్పుడు చూస్త. ఇరవయ్యారు అని ఉంటది. నువ్వు ఆ లెక్కల లేవు. మీ అమ్మను ఒక్కదాన్నే రాసిన. ఎన్నడన్న నువ్వు ఉరుక్కుంట వచ్చి తాతా అంటె నాకు ఆ అంకె యాదికస్తది.

ఏడుస్తలేను. ఏదీ, నీ బొమ్మ చూపియ్యి. పోస్టుల కాడ గీసినవ్, మంచిగున్నది. గోడ కాడ? గీయ్ బిడ్డా. గీసి పక్కకు రాయి, ఎవరు పట్టుకున్నరో. నూరేండ్లు సల్లగుండు తల్లీ... మెల్లగ గీయ్, తొందర లేదు, నేనీడనే కూసుంట...