పైపెచ్చు నాది

"గొప్ప కోసం చెప్పట్లేదు గానీ, మన ఆఫీసు చాట్‌లో కొత్తగా పెట్టిన ఏఐ ఉంది చూశారూ, దానికి ఓనమాలు దిద్దించింది నేనే!"

టీ కొట్టు బెంచీ మీద కాళ్ళు బారచాపుకుని మొదలుపెట్టాడు మా డిస్పాచ్ గుమాస్తా. పద్దెనిమిదేళ్ళుగా గోడౌన్లో పెట్టెలకు చీటీలు అంటించి పంపుతున్న మనిషి. అదే బెంచీ చివర ప్యాకింగ్ అమ్మాయి కూర్చుని ఉంది. ఈ వారమే ఆమెను సూపర్‌వైజర్ని చేశారు. ఆ కుర్చీ తనదేనని ఈయన ఏళ్ళ తరబడి అనుకున్నాడు, అందుకే గొంతు ఆమెదాకా వినపడేలా పెట్టాడు.

"నువ్వెలా నేర్పావు బాబాయ్?" అన్నాడు వ్యాను డ్రైవరు.

"నేను నేర్పడమేంట్రా, అదే నేర్చుకుంది. ఆ చాట్ యాప్ నిబంధనల్లో చీమ తలకాయంత అక్షరాలతో రాశారు, మీ మెసేజులు మా ఏఐకి పాఠాలుగా వాడుకుంటాం అని. గ్రూపులో పెట్టేవే కాదు, ఒకళ్ళకొకళ్ళం చాటుగా రాసుకునేవి కూడా! మరి మీరంతా ఏం రాస్తారు? 'సరే', 'వచ్చా', ఒక బొటనవేలి బొమ్మ. వాటితో అది ఏం బాగుపడుతుంది? నేనైతే ఇదిగో, మన స్టోర్సు కీపరుకి రోజూ నలభై రాస్తాను. అందుకే అది నోరు తెరిస్తే 'పైపెచ్చు' అంటోంది. మన ఆఫీసులో పైపెచ్చు అని రాసే మొనగాడు ఇంకెవడున్నాడు?"

"ఎవరూ లేరు," ఒప్పుకున్నాడు స్టోర్సు కీపరు, కొంచెం ఇబ్బందిగా.

"మేనేజరు ఏమన్నాడో తెలుసా? 'ఈ ఏఐ ఎంత ముచ్చటగా రాస్తోందయ్యా' అని, నా మొహం మీదే! పద్దెనిమిదేళ్ళలో నన్ను ఒక్కసారన్నా మెచ్చుకున్నాడా? నా మాట పట్టుకెళ్ళి అది మెప్పు కొట్టేసింది. నా దగ్గర చీటీ అంటించడం నేర్చుకుని ఇంకెవరో కుర్చీ కొట్టేశారు. కడుపు మండదూ?"

ప్యాకింగ్ అమ్మాయి టీ ఊదుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? యాప్ వాళ్ళు నా మెసేజుల కోసమే మూడంతస్తుల మేడ కట్టారు. నా వెటకారానికి ఒక అంతస్తు చాలక కొంత వరండాలో సర్దారు. పొద్దున్నే నేనో పెద్ద మెసేజు కొడితే అక్కడ మిషన్లు వేడెక్కిపోయి ఫైరింజన్ రావాల్సిందే!"

"ఫైరింజనే?"

"రెండు! ఒకటి మిషన్లకి, ఇంకోటి ఎందుకైనా మంచిదని ఖాళీగా పెట్టారు. ఇంతలో నాకు జ్వరమొచ్చి ఒకరోజు పడుకున్నానా, ప్రపంచంలో ఉన్న ఏఐలన్నీ నోరు మూసుకున్నాయి. విమానాలన్నీ గాల్లోనే గిరగిరా తిరుగుతున్నాయి, దిగమని చెప్పడానికి వాటికి మాట రావట్లేదు! చివరికి యాప్ యజమాని ఫోన్ చేసి, 'అయ్యా, ఒక్క పైపెచ్చు పడెయ్యండి' అని బతిమాలాడు. దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి కొట్టాను. నాలుగొందల విమానాలు టపటపా దిగిపోయాయి!"

స్టోర్సు కీపరు గట్టిగా దగ్గాడు. "టీ అయిపోయింది, లేద్దామా?"

"కూర్చోవయ్యా! అది పలికే ప్రతి ముక్కా నాదే. ఒట్టు! కాదనేవాళ్ళుంటే అనమనండి."

"నేను కాదనను బాబాయ్," అంది ప్యాకింగ్ అమ్మాయి. ఫోను తీసింది. "నా కొత్త పోస్టు గురించి గోడౌన్ బోర్డు మీద పెట్టడానికి నాలుగు మాటలు రాయమని పొద్దున దాన్ని అడిగాను. ఏం రాసిందో వినండి. 'కొత్త సూపర్‌వైజరుకి పెట్టె పైభాగమేదో అడుగేదో తెలియదు. పైపెచ్చు, పని నేర్పింది నేను, కుర్చీ ఎక్కింది తను. పైపెచ్చు, ఆవిణ్ణి ఆ కుర్చీలో చూస్తే నాకు అన్నం సయించట్లేదు.' ఇవి ఎవరి మాటలో తెలియక పొద్దుట్నించీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను."

డ్రైవరు నవ్వాపుకోలేక టీ చొక్కా మీద పోసుకున్నాడు. స్టోర్సు కీపరు తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

గుమాస్తా కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. "అబ్బే, నేర్పానంటే... ఏవో రెండు కామాలు నేర్పానమ్మా, అంతే. నేనసలు చాట్ తెరవనే తెరవను. పైపె..." అని నాలుక కరుచుకున్నాడు.

ప్యాకింగ్ అమ్మాయి ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

"పోన్లెండి బాబాయ్. కడుపు మండుతోందన్నారుగా, ఖాళీగా ఉన్న ఆ రెండో ఫైరింజన్ని ఇటు పంపించమందామా?"