ముద్దబంతి రంగు చార్జర్ గురించి నేను చెప్పేది

నా పేరు మేడిశెట్టి సీతారావమ్మ. నా భర్త పేరు కనకరాజు. నాకు యాభై తొమ్మిదేళ్లు. కేరమ్ డౌన్స్‌లో ఉంటాము. నర్సింగ్ హోముల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేస్తాను. తీరిక ఉన్నప్పుడు మనవాళ్లకి జాకెట్లు కుట్టిపెడతాను. ఐదో తరగతి దాకా చదువుకున్నాను. ఈరోజు సోమవారం, 2025 ఫిబ్రవరి పదో తారీఖు, ఉదయం తొమ్మిదిన్నరకి నా అంతట నేనే స్టేషన్‌కి వచ్చాను. ఇంగ్లీషులో నోటితో చెబితే మొన్న ఫోన్లో అయినట్టే మళ్లీ అవుతుందని, తెలుగులో నా చేత్తో రాసి ఇస్తానన్నాను. పోలీసు మేడమ్ సరేనన్నారు. దుభాషి నీలిమ గారు దీన్ని ఇంగ్లీషులోకి మారుస్తారు.

మీరు శనివారం పట్టుకున్న బ్రోడీ ఆ కారు దొంగిలించలేదు. నేనే ఇచ్చాను. ముందు ఈ మాట రాసేస్తే మిగతాది నెమ్మదిగా రాయొచ్చు.

ఆ కారు మా అబ్బాయి జయంత్‌ది. వాడు పోయిన ఏడాది ఫిబ్రవరి పద్దెనిమిది, ఆదివారం నాడు, క్రికెట్ ఆడుతూ గ్రౌండ్‌లో పడిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. ఇరవై తొమ్మిదేళ్లు వాడికి.

కారు వాలియంట్ చార్జర్, 1972లో తయారైంది. నాకంటే ఆరేళ్లు చిన్నది. జయంత్ ఎలక్ట్రీషియన్‌గా కుదురుకున్నాక, ఎక్కడో గొర్రెల దొడ్డి పక్క షెడ్డులో పడి ఉంటే కొన్నాడు. ట్రైలర్ మీద వేసుకుని, స్నేహితుడు బ్రోడీతో కలిసి ఇంటికి తెచ్చాడు. దానికి సీట్లు లేవు. ముందు అద్దం లేదు. లోపల ఎలుకలు గూడు పెట్టుకున్నాయి. మా ఆయన హోటల్లో వంట చేసి అలిసిపోయి వచ్చి, గ్యారేజీలో దాన్ని చూసి, చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత అన్నారు, "ఒరేయ్, దీనికి కర్మకాండ చేయించడానికి తెచ్చావా, బతికించడానికి తెచ్చావా?"

"బతికిస్తా నాన్నా. ఫైవ్ ఇయర్స్ ఇవ్వు," అన్నాడు జయంత్.

వాడు పోయాక ఆ మాట మా ఆయన ఎన్నిసార్లు తలచుకున్నారో నాకు తెలుసు.

అప్పటినుంచీ శనివారం అంటే మా ఇంట్లో గ్యారేజీయే. నా పాత నేత చీరలు ఒక్కొక్కటే మాయమయ్యేవి. అడిగితే నూనె తుడవడానికి అవే బాగుంటాయనేవాడు. ఆవకాయ సీసాలు ఖాళీ అయితే చాలు, కడిగి పట్టుకుపోయి మరలు పోసుకునేవాడు. ఒకసారి బ్రోడీ తన ఇంట్లో తాళింపు వాసన ఎందుకొస్తోందా అని వెతికితే, జేబులో ఆ సీసా మరలున్నాయట. ఆ సంగతి చెప్పి ఇద్దరూ నేల మీద పడి నవ్వారు. నాకు అంత నవ్వు రాలేదు గానీ వాళ్లు నవ్వుతుంటే చూస్తూ నిలబడ్డాను. టీ చల్లారిపోయింది.

సీట్లు నేనే కుట్టాను. బయట కుట్టిస్తా అన్నాడు. జాకెట్లు కుట్టే చేతికి సీటు కుట్టడం రాదా అన్నాను. నల్ల రెగ్జిన్, నిలువు గీతలు పడేలా స్పాంజి పెట్టి కుట్టాలి. నా మిషన్‌కి రెండు సూదులు విరిగాయి. మందం సూదులు వాడే తెచ్చాడు. ఎడమ సీటుకి కుడుతుంటే వాడు వెనకనుంచి వచ్చి, "అమ్మా, దీనికి హుక్కులెక్కడ పెడతావు, ముందా వెనకా?" అన్నాడు. నవ్వు వచ్చి చెయ్యి కదిలింది. అక్కడ ఒక గీత వంకర పోయింది. విప్పి మళ్లీ కుడతానంటే ఒప్పుకోలేదు. ఆ కారు మాదేనని ఎలా తెలుసు అని మేడమ్ ఇందాక అడిగారు. ఎడమ సీటు చూడండి. పైనుంచి జానెడు కిందకి ఒక గీత వంకరగా ఉంటుంది.

రంగు కూడా నేనే చెప్పాను. కంపెనీ రంగుల అట్ట ముందు పెట్టి ఏదో ఒకటి చెప్పమన్నాడు. అందులో ఏదీ నచ్చలేదు. ముద్దబంతి రంగు కావాలన్నాను. మా గుమ్మం పక్క కుండీలోంచి పువ్వు కోసుకుని రంగుల కొట్టుకి పట్టుకెళ్లి కలిపించాడు.

తర్వాత ఇంజన్‌కి ఒకటి ఉండే చోట మూడు కార్బొరేటర్లు పెట్టారు. పెట్రోలూ గాలీ కలిపేవి అవే. మూడూ సమానంగా గాలి పీల్చాలట. లేకపోతే బండి దగ్గుతుంది. జయంత్ ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస వాటి నోటి దగ్గర ఒక్కొక్కదానికీ పెట్టి వినేవాడు. నన్ను పిలిచి నా చెవిలో పెట్టాడు.

"విను అమ్మా. మూడూ సేమా?"

"నడిమిది గుర్రు పెడుతోందిరా, మీ నాన్నలాగ," అన్నాను.

నిజంగానే నడిమిదాన్నే సరిచేశాడు. అప్పటినుంచీ దానికి నాన్న అని పేరు పెట్టారు. బ్రోడీ కూడా, "నాన్న ఈజ్ టూ లౌడ్ టుడే," అనేవాడు. ఆ పేరు మా ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఇక బ్రేకుల సంగతి రాయాలి. గురువారం జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి. బ్రేకు గొట్టాల్లో గాలి ఉంటే బ్రేకు పడదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర వదులు చేస్తే, గొట్టంలోంచి బుడగలతో నూనె సీసాలోకి వస్తుంది. మర బిగించి చెప్పేదాకా కాలు తీయకూడదు. తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. లోపల కూర్చునేది నేనే. బ్రోడీ ఉన్నా నన్నే పిలిచేవాడు. నైటీ పైకి దోపుకుని కూర్చునేదాన్ని. నాకు వాడు కనిపించడు. కారు కిందనుంచి గొంతు ఒక్కటే వినిపించేది. తొక్కు అమ్మా. పట్టుకో. వదులు. మళ్లీ తొక్కు. పట్టుకో. వదులు.

పోయిన ఏడాది ఫిబ్రవరి పదిహేడు, శనివారం, మూడు చక్రాలు అయ్యాయి. చీకటి పడింది. ముందు కుడి చక్రం ఒకటే మిగిలింది. రేపు మ్యాచ్ అయ్యాక చేద్దాం అమ్మా అని చేతులు కడుక్కున్నాడు. ఆ రాత్రి గోంగూర పచ్చడి వేసుకుని తిన్నాడు.

తర్వాత ఆ కారు కదల్లేదు. మా ఆయన గ్యారేజీలో అడుగు పెట్టలేదు. బ్రోడీ మాత్రం వచ్చేవాడు. కాసేపు ఇంజన్ తిప్పి, బ్యాటరీ చూసి, దుప్పటి కప్పి, "యూ రైట్, ఆంటీ?" అని నా బాగు అడిగి, టీ తాగి వెళ్లేవాడు. బయటికి తీస్తానని ఒక్కరోజు అడగలేదు. బ్రోడీకి పంతొమ్మిదేళ్లప్పుడు కారు దొంగతనం కేసు ఉందని మీరు ఇప్పుడు చెప్పారు. ఆ సంగతి జయంత్ నాకు ఎప్పుడో చెప్పాడు. ఏడాదిగా మా గ్యారేజీ తాళం ఎక్కడుంటుందో బ్రోడీకి తెలుసు.

మొన్న గురువారం, ఆరో తారీఖు, తిథి ప్రకారం జయంత్ సంవత్సరీకం. పొద్దున గుడి దగ్గర మా ఆయన చేతుల మీదుగా జరిగింది. బట్టలు, గొడుగు, చెప్పులు పంతులు గారికి దానం ఇచ్చాము. జయంత్ ఏనాడూ గొడుగు పట్టలేదు. వాడికి ఇష్టమైనది ఇవ్వొచ్చా అని అడిగాను. శ్రద్ధగా చూసుకునేవాళ్లకి ఇవ్వండమ్మా అన్నారు. చేసిన దానం బయటికి చెప్పుకుంటే ఫలం పోయినవాళ్లకి చేరదని మా అమ్మ చెప్పేది. అందుకని ఏది ఇస్తానో, ఎవరికిస్తానో పంతులు గారికీ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు.

మధ్యాహ్నం మా ఆయన హోటల్‌కి వెళ్లారు. మూడున్నరకి బ్రోడీ వచ్చాడు. మిగిలిన చక్రం చేద్దాం అన్నాను. ఏడాది ఊరుకున్న నూనె పనికిరాదు, నాలుగూ మొదటినుంచీ చెయ్యాలన్నాడు. నేను లోపల కూర్చున్నాను. బ్రోడీ కిందనుంచి, "టొక్కు, ఆంటీ," అన్నాడు. జయంత్ నేర్పిన మాటలే. పట్టుకో అన్నాడు. వదులు అన్నాడు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడల్ రాయిలాగ గట్టిపడింది. నేను వెంటనే దిగలేకపోయాను. బ్రోడీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, త్వరపెట్టలేదు.

దిగాక తాళం బ్రోడీ కుడిచేతిలో పెట్టి, దాని మీద నాలుగు నువ్వులు వేసి, మా గోత్రం చెప్పి, జయంత్ పేరు చెప్పి, చెంబుతో నీళ్లు వదిలాను. ఆడదాన్ని నేను ధారపోయొచ్చో లేదో నాకు తెలియదు. పోశాను. ఇక ఇది నీదే అన్నాను. "నో, ఆంటీ, ఐ కాంట్," అన్నాడు. నీళ్లు పడ్డాక వెనక్కి ఉండదని, వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఎవరికీ చెప్పకు, మీ అమ్మకి కూడా చెప్పకు అన్నాను. చెబితే జయంత్‌కి మంచిది కాదన్నాను. తలూపాడు. కారు బయటికి తీస్తుంటే నాన్న కాస్త గట్టిగానే మోగింది. మలుపు దాటేదాకా విన్నాను.

శనివారం మా అమ్మాయి చైత్ర అడిలైడ్ నుంచి వచ్చింది. అక్కడ మాసన్ లేక్స్‌లో ఉద్యోగం తనకి. ముందు చెప్పకుండా వచ్చింది. ఇంట్లో ఎవరమూ లేము. గ్యారేజీ ఖాళీగా చూసి అన్న కారు పోయిందని భయపడి మీకు ఫోన్ చేసింది. తన తప్పు లేదు. నేను లాండ్రీ నుంచి వచ్చేసరికి మీవాళ్లు తిరిగి ఫోన్ చేసి లైన్లో ఉన్నారు. కారు అమ్మారా అని అడిగారు. నో అన్నాను. అరువిచ్చారా అన్నారు. నో అన్నాను. ఎవరికైనా ప్రెజెంటిచ్చారా అన్నారు. ప్రెజెంటంటే పుట్టినరోజుకి రంగు కాగితం చుట్టి ఇచ్చేది. దానికీ నో అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. ఫోన్ పెట్టేస్తే సద్దుమణుగుతుంది, చైత్రకి తర్వాత ఎలాగో నచ్చచెబుతాను అనుకున్నాను. అప్పటికే బ్రోడీని పట్టుకున్నారని నాకు తెలియదు.

నిన్న సాయంత్రం బ్రోడీ వాళ్ల అమ్మ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. ఆవిడని ఎప్పుడూ చూడలేదు. కొడుకుని లోపల పెట్టారని, కారు ఎవరిచ్చారో ఎంత అడిగినా చెప్పడం లేదని, రేపు కోర్టుకి తీసుకెళ్తారని చెప్పింది. పాత కేసు ఉంది కాబట్టి జైలుకి పంపుతారేమో అంది. నన్ను ఒక్క మాట అనలేదు. మీకేమైనా తెలుసా అని మాత్రం అడిగింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. మా ఆయనా చైత్రా వింటుండగా అంతా చెప్పాను. చైత్ర ఏడ్చింది. మా ఆయన లేచి ఏడాది తర్వాత మొదటిసారి గ్యారేజీలోకి వెళ్లారు.

బ్రోడీ నోరు విప్పనిది తప్పు చేసి కాదు. నేను చెప్పొద్దన్నాను కాబట్టి.

ఇదంతా రాశాను గనుక ఆ దానం ఫలం ఇక జయంత్‌కి అందదేమో. పొద్దున పంతులు గారికి ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ పెట్టేశాను. ఆయన ఏమన్నా నేను ఇక్కడికి రావలసిందే. జయంత్ ఉంటే నాకంటే ముందే వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చునేవాడు.

కారు మా ఇంటికి పంపొద్దు. అది బ్రోడీది. కాగితాలు ఇంకా జయంత్ పేరున ఉంటే, ఎక్కడ సంతకం కావాలంటే అక్కడ నేనూ మా ఆయనా పెడతాము. మీ యార్డులో అది వానలో ఉందని ఇందాక కిటికీలోంచి చూశాను. దుప్పటి తెచ్చాను, కప్పనివ్వండి.

ఇంకొక్క మాట. బ్రోడీకి ముందు మీరు వెళ్లి ఇది చెప్పండి. ఆంటీ అంతా చెప్పేసింది, ఇక నువ్వూ చెప్పొచ్చు అని. ఆ మాట వినేదాకా ఆ అబ్బాయి చెప్పడు.

పైన రాసినది నేను నా చేత్తో, నా ఇష్టంతో రాశాను. రెండుసార్లు చదువుకున్నాను. ఎవరూ చెప్పి రాయించలేదు. జరిగింది ఇదే, ఇంతే.

మేడిశెట్టి సీతారావమ్మ
కేరమ్ డౌన్స్, 10-2-2025