ఖాంగ్ బావ కోసం మంచులో పరిచిన రేకు

అదేంటే దియెప్, బియ్యప్పిండి రేకుని అలా పిసికేస్తున్నావ్? మెల్లగా చుట్టు. త్రాంగ్ బాంగ్ ఊళ్ళో పుట్టి రేకు చుట్టడం రాదంటే నలుగురూ నవ్వుతారు. మా పక్కింటి లుయెనక్క ఉండుంటే నీ చేతి మీద ఒక్కటిచ్చేది. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మనిషి ఇంతే ఉండేది, నోరు మాత్రం సంత దాకా వినపడేది. కానీ రేకు చేసిందంటే, అబ్బ, ఏం చెప్పమంటావ్. ఎసరుకుండ మీద బిగించిన గుడ్డ మీద గరిటెడు బియ్యప్పిండి జారు పోసేది, అది ఉడికీ ఉడక్కముందే దాని మీద ఇంకో గరిటె. ఎండబెట్టి, వేరుశెనగ తొక్కల నిప్పు మీద పొక్కులొచ్చేదాకా కాల్చి, అప్పడంలా పెళుసెక్కిన దాన్ని తెల్లారగట్ల మంచులో తడక మీద పరిస్తే మెత్తబడేది. ఇక్కడందరూ చేసేదేననుకో.

ఏం చెబుతున్నాను? ఆఁ, వాళ్ళాయన ఖాంగ్ బావ. ఎడ్లబండి తోలేవాడు. పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది, దవడ సత్తువ పోయింది. గంజి తాగించబోతే "నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?" అని గోడవైపు తిరిగిపోయాడు. ఒకే పళ్ళెం చుట్టూ కూచుని ఆకులూ మాంసం రేకులో పెట్టి ఎవరిది వాళ్ళం చుట్టుకు తింటాం కదా, పెళ్ళాం చుట్టి నోట్లో పెడితే ఆయనకి తలకొట్టేసినట్టుండేది. తిండి మానేశాడు. పుల్లలా అయిపోయాడు. ఇక దక్కడనే అనుకున్నాం మేమంతా.

అప్పుడు మొదలెట్టింది లుయెనక్క. ఒంటిచేత్తో చుట్టినా చిరక్కూడదు, సత్తువలేని దవడతో నమిలినా నలగాలి, అలాంటి రేకు కావాలి. మంచు తక్కువైతే విరిగేది, ఎక్కువైతే తడిగుడ్డలా జారిపోయేది. పైగా పొడిగాలి రోజులు. పాడైనవన్నీ పందికి వేస్తుంటే మా అమ్మ "మొగుణ్ణి పస్తుపెట్టి పందిని మేపుతున్నావే" అంది. "ఇది పెట్టింది తింటోంది పిన్నీ, ఆయనకా బుద్ధుంటే నాకీ బాధెందుకు" అని కళ్ళు తుడుచుకుంది పాపం. తన కుడిచెయ్యి నడుముకి కట్టేసుకుని, ఎడంచేత్తో చుట్టి చూసుకునేది. నేను కళ్ళారా చూశాను. చివరికి, తేమ నిలుస్తుందని పిండిలో ఉప్పు కాస్త ఎక్కువేసి, పూర్తిగా మెత్తబడకముందే తడక మీంచి తీసి, పచ్చి అరిటాకులో చుట్టిపెట్టింది. చెమ్మ అంచుల దాకా సమంగా పాకింది.

ఆ పూట పళ్ళెం ఆయన ముందు పెట్టి, తనది తను చుట్టుకుని తింటూ కూచుంది. చూసి చూసి ఆయన ఎడంచెయ్యి చాచాడు. తొడ మీద పెట్టుకుని చుట్టాడు. వంకరగా వచ్చింది, సగం ఆకులు ఒళ్ళో పడ్డాయి, రేకు మాత్రం చిరగలేదు. నమిలి నమిలి మింగి, "ఉప్పెక్కువైంది" అన్నాడు. "తిను తిను, తింటూ తిట్టు" అంది ఆవిడ. అంత మొండి మనిషి, అంత ప్రేమ నేను మళ్ళీ ఎక్కడా చూళ్ళేదే.

ఆయన ఆ తర్వాత చాన్నాళ్ళు బతికాడు. పోయాక సంత వ్యాపారులు వచ్చి, అలాంటి రేకే చేసిపెట్టమని బతిమాలారు. "మీ అందరికీ రెండు చేతులున్నాయి కదయ్యా" అని పంపించేసింది. మళ్ళీ చెయ్యలేదు.

...ఆ పుదీనా ఇటు జరుపు.