టేబుల్ దిగేలోపు

తల ఎత్తకు. ముందు మొహం ఆ మసాజ్ టేబుల్ చిల్లులో పెట్టుకో. అస్తమానం తల తిప్పి నా వంక చూస్తే జవాబు తొందరగా వచ్చేస్తుందనుకున్నావా ఏం? మెడ పట్టేస్తుంది, అంతే. సాయంత్రం ఈ క్లబ్బులో నీ ఆఖరి మ్యాచ్ పెట్టుకుని, బంతి ఒకవైపు, నువ్వు ఒకవైపు చూస్తూ పరిగెత్తాల్సి వస్తుంది.

ఆఁ, అలా. ఇప్పుడు నీకు నేల తప్ప ఏం కనపడదు, నాకు నీ వీపు తప్ప ఏం కనపడదు. బావా బావమరుదులు మాట్లాడుకోడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎక్కడుంటుంది చెప్పు!

అయినా ఇదేం పద్ధతిరా? "నాతో కొత్త క్లబ్బుకి వస్తావా రావా, టేబుల్ దిగేలోపు చెప్పెయ్ బావా" అంటావా? నా ఉద్యోగం, ఇల్లు, మీ అక్క, ఇన్నేళ్ళుగా నేను నూనె వాసనతో బతికిన ఈ గది, అన్నీ నీ కాళ్ళు పిసికేలోపు తేల్చెయ్యాలా? ఈమధ్య బంతి కాలికొచ్చాక ఎటు తన్నాలో ఆలోచించుకోడానికి నువ్వు అంతకంటే ఎక్కువసేపే తీసుకుంటున్నావు తెలుసా?

నవ్వకు. నవ్వితే నడుం కదులుతుంది.

ముందు కుడి కాలు చూస్తాను. ఎడమ మోకాలి సంగతి చివర్లో. ఈ కుడి కాలు మంచిది, పాపం. ఎడమ కాలు గోల్స్ కొట్టి పేరు తెచ్చుకుంటుంటే ఇది పక్కన నిలబడి బరువంతా మోసింది. పేపర్లో దీని ఫోటో ఒక్కసారీ పడలేదు. ఏంటీ? నాలాగే ఉందా? నేనెక్కడన్నాను? ఆ మాట నీ నోటితో నువ్వే అన్నావు.

ఒక మాట చెప్పనా? నీ పని ఇక్కడ అయిపోవచ్చిందని నాకు కోచ్ కంటే ముందే తెలుసు. ఎప్పుడో తెలుసా? ప్రాక్టీసులో నీ పక్కన ఆడే ఆ కుర్రాడు "సార్, ఇటు ఇవ్వండి సార్" అన్నప్పుడు. ఆ "అండి" దాకా వచ్చేసరికి బంతి అవతలివాడి కాళ్ళ దగ్గరుంది! కోచ్ తల పట్టుకుని, "గ్రౌండులో ఈ మర్యాదలేంట్రా నాయనా, ఒరేయ్ అని పిలువు" అన్నాడు. వాడేం చేశాడు? "సార్, ఏమనుకోకండి, ఒరేయ్, పాస్!" అన్నాడు. ఇంకాస్త పొడుగైంది.

అప్పుడు అందరితోపాటు నేనూ పడీ పడీ నవ్వాను. ఇంటికెళ్ళాక మాత్రం అన్నం సయించలేదు. ఆటలో నిన్ను "ఒరేయ్" అని అరిచేవాడు లేకుండా పోయాడంటే ఇంకేముంది? ఇక పాసులివ్వరు, సన్మానాలు చేస్తారు.

కోచ్ చేసిందీ అదేగా. "వచ్చే సీజను కుర్రాళ్ళతో వెళ్దామనుకుంటున్నాం, మీరు పిల్లలకి ఆట నేర్పే వైపు వస్తే సంతోషం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు పెద్దమనిషి. నువ్వు మాత్రం మొహం మాడ్చుకుని బయటికొచ్చావు. వారం తిరక్కుండా ఎక్కడో దూరాన ఉన్న క్లబ్బుకి సంతకం పెట్టేశావు. పైగా నాతో ఏమన్నావు? "నా కాళ్ళు ఇంకా అయిపోలేదు బావా" అని! అయిపోడానికి అవేమన్నా సబ్బు బిళ్ళలా?

ఇదిగో, పిక్కలో కండ గట్టిపడింది. ఉండు, ఒక జోకు చెబుతాను...

చూశావా! కాలు లాగేశావు! నేనింకా మొదలే పెట్టలేదు!

తప్పు నాదేలే. నొప్పి ఎక్కడుందో అక్కడ నొక్కేముందు జోకు వెయ్యడం, నువ్వు నవ్వి కండ వదులు చెయ్యగానే బొటనవేలు దింపడం. ఇన్నేళ్ళూ నా పనితనమంతా అందులోనే ఉంది. దాంతో నీకు జోకంటేనే హడలు పట్టుకుంది. ఆమధ్య మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు గుర్తుందా? పక్కింటాయనకి ఏదో జోకు చెప్పబోయానో లేదో, బల్ల కింద నీ కాలు లేచి ఠపీమని తన్నింది. కూరగిన్నె వెళ్ళి ఆయన ఒళ్ళో పడింది. "ఇంట్లో కూడా ఆడుతూనే ఉంటారా బాబూ" అన్నాడు పాపం, చొక్కా దులుపుకుంటూ. ఆ తర్వాత చాన్నాళ్ళు మీ అక్క నన్ను భోజనాల దగ్గర నోరు విప్పనివ్వలేదు.

సరే, నిన్నటి ప్రెస్ మీట్ సంగతికొద్దాం. దాని గురించి నేనెత్తననుకున్నావు కదూ? ఎత్తకుండా ఎలా ఉంటాను!

కోటు వేసుకుని, జుట్టుకి రంగేసుకుని కూర్చున్నావు. చెవి మీద కూడా కొంచెం రంగుంది, ఎవరూ చెప్పలేదులే. అంతా బాగానే మాట్లాడావు. కోచ్‌కి థాంక్స్, అభిమానులకి థాంక్స్, గడ్డి కోసే తాతకి కూడా థాంక్స్. నా దగ్గరికొచ్చేసరికి "మా బావ..." అని నీళ్ళు నమిలి, గ్లాసెత్తి నిజంగానే నీళ్ళు తాగి, తర్వాతి మాటకెళ్ళిపోయావు. ఆఁ, అదలా ఉంచు, నేనేం అలగలేదు. కాస్త అలిగాను. చివర్లో ఏమన్నావో అది చెప్పు. "మీ క్లబ్బుకి అంతా మంచే జరగాలి" అన్నావు.

మీ క్లబ్బు!

పప్పులో కాలేశావు బామ్మర్దీ. అది కూడా ఆ పేరున్న ఎడమ కాలే వేశావు. హాలు చివర్లో జెర్సీలుతికే పిన్ని నిలబడుంది. ఇన్నేళ్ళూ నీ చొక్కాల బురద వదిలించిన మనిషి. నా వైపు తిరిగి, "ఏంటయ్యా, మీ క్లబ్బు అన్నాడా? నా చెవులకే అలా వినపడిందా?" అంది. "మైకు బాలేదు పిన్నీ, మన అనే అన్నాడు" అని సర్దిచెప్పాను. "మైకు మాట మారుస్తుందా?" అంది.

అబ్బే, నోరు జారింది అనకు. నీ నోట్లోంచి ఆ మాట జారేది కాదు కాబట్టే అందరి ప్రాణం ఉసూరుమంది. మూతి మీద మీసం కూడా రాని రోజుల్లో ఈ గేటు దాటి లోపలికొచ్చావు. వస్తూనే "మన గ్రౌండులో గడ్డి బాలేదు" అన్నావు. "మన ఏంట్రా, నిన్నింకా తీసుకోనేలేదు" అని అప్పటి కోచ్ చెవి మెలేశాడు. ఆనాటి నుంచీ అన్నీ మనవే. మన బస్సు, మన గేటు, మన వర్షం. ఓడిపోయినరోజు అందరూ వెనక ఆడేవాళ్ళది తప్పంటే, నువ్వొక్కడివే "మనం ఆడలేదు" అని మూల కూర్చునేవాడివి.

అంతెందుకు, మీ అక్కని పెళ్ళి చేసుకుంటానని అడగడానికి నేను మీ ఇంటికొచ్చినరోజు ఏం చేశావు? గుమ్మంలో ఎదురొచ్చి, "రా అన్నా, మన అక్క లోపలుంది" అన్నావు. మన అక్క! ఆ ఒక్క మాటతో నా పెళ్ళి గుమ్మంలోనే చెడిపోవాల్సింది. లోపల మీ అక్క నవ్వు వినపడింది కాబట్టి బతికిపోయాను.

అలాంటివాడివి "మీ" అన్నావంటే అది నోరు జారడం కాదు. మనసు ముందే సామాను సర్దుకుంది.

ఊఁ, సణక్కు. ఇంకా ఉంది.

పొద్దున ఫోన్ చేశావు. "బావా, మన కొత్త క్లబ్బులో నీ గది పెద్దదట, కిటికీలు కూడా ఉన్నాయట" అన్నావు. అన్నావా లేదా? నిన్నటిదాకా మనదైంది మీది అయిపోయింది, ఎవరిదో మనది అయిపోయింది. మధ్యలో నన్ను కూడా ఆ "మన"లో కలిపేశావు, ఒక్క మాట అడగకుండా. నువ్వు అడిగింది ఆ తర్వాత కదా, వస్తావా రావా అని!

అలా కలిపేసుకుంటే మనిషికి కోపం రావాలి. నాకు రాలేదు. సంతోషమేసిందిరా. ప్రెస్ మీట్లో నా పేరెత్తలేదని రాత్రంతా మూతి ముడుచుకున్నవాణ్ణి, ఆ ఒక్క మాటకి కరిగిపోయాను. ఫోన్ పెట్టేసి, అటక మీంచి పెట్టె దింపాను. దుమ్ము కూడా దులిపాను.

అదిగో, నడుం లేపకు! సంతోషమేసింది అన్నాను, వస్తానన్నానా?

మీ అక్క చూసింది. "ఎక్కడికి?" అంది. "మన కొత్త క్లబ్బుకి" అన్నాను, నీ మాటే. అలా నా వంక చూసి, "కూర్చోండి" అంది. మీ అక్క కూర్చోమందంటే నీకూ తెలుసు కదా, నిలబడే ధైర్యం మన వంశంలోనే ఎవరికీ లేదు.

ఇక ఎడమ మోకాలు. ఊపిరి పీల్చుకో. జోకు వెయ్యనులే. ఓరి నీ, వెయ్యనంటే ఇంకా ఎక్కువ బిగుసుకుపోతున్నావేంటి!

మీ అక్క ఏమందో చెబుతాను. "మొన్న వాడు మన మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయాడు, చూశారా?" అంది. చూశాను. రెయిలింగు పట్టుకుని, గోడ మీద ఫోటో చూస్తున్నట్టు నిలబడ్డావు. ఒరేయ్, అక్కడ ఫోటో లేదు. కరెంటు మీటరుంది. కరెంటు మీటరుని అంత ప్రేమగా ఎవరు చూస్తార్రా, బిల్లు రాసేవాడు తప్ప?

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడ నవ్వలేదు. వంటగదిలోకెళ్ళి చాటుగా కళ్ళు తుడుచుకుంది. ఇవాళ నన్ను నిలదీసింది. "మీ చేతులు వాడి మోకాలు బాగుచేస్తున్నాయా, దాన్ని దాచిపెడుతున్నాయా?" అని.

ఏం చెప్పమంటావు? నేను నొక్కుతాను, నొప్పి పోతుంది. నొప్పి లేదు కదా అని నువ్వు పరిగెత్తుతావు. అది లోపల అరుగుతూనే ఉంటుంది. "ఎలా ఉందిరా" అంటే "ఏం లేదు బావా" అంటావు. ఏం లేదని నువ్వూ, ఏం లేదని నేనూ, ఇద్దరం కలిసి ఒక మోకాలి చెవిలో పువ్వు పెట్టాం.

ఇక్కడ నొక్కితే? "ఏం లేదు" అంటావా మళ్ళీ? చేతికి తెలుస్తోందిరా. ఎముక ఎముకతో మాట్లాడుకుంటోంది.

విను. నేను నీతో వస్తే నువ్వింకో మూడేళ్ళు ఆడతావు. నాకు తెలుసు, ఎలాగోలా ఆడించేస్తాను, నాకు చేతనవును. ఆ తర్వాత మేడ మెట్లెక్కాలంటే నీకు నా భుజం కావాలి. నేను రాకపోతే ఒక్క సీజను ఆడతావేమో. అక్కడివాళ్ళ చేతులు నీకు కొత్త. నొప్పి నొప్పిలాగే తెలుస్తుంది. వాళ్ళని "బావా" అని బుజ్జగించలేవు కదా, నిజం చెప్పేస్తావు. కూర్చోబెడతారు. నన్ను నోరారా తిట్టుకుంటావు. తిట్టుకుంటూ, నీ కాళ్ళ మీద నువ్వు నడుచుకుంటూ ఇంటికొస్తావు.

అందుకని రాను.

విన్నావా? రానురా. టేబుల్ దిగకముందే చెప్పమన్నావు, చెప్పేశాను.

పెట్టె మళ్ళీ అటకెక్కించాను. మీ అక్క స్టూలు పట్టుకుంది.

ఏంటి? కోపమొచ్చిందా? పోనీ తిట్టు. "మోసం చేశావు బావా" అను. కాళ్ళబేరానికి మాత్రం దిగకు. కాళ్ళతో బేరాలాడటం నా వృత్తి, నువ్వు నెగ్గలేవు. బుజ్జగిస్తే నేను పడిపోతాననీ తెలుసు నీకు, అందుకే చెబుతున్నా, నోరెత్తకు.

పైన గ్యాలరీలో అడుగుల చప్పుడు మొదలైంది, వినపడుతోందా? నీకోసమే వస్తున్నారు. టేపు చుట్టేస్తాను, కాస్త కాలు లేపు. ఊఁ... లేపరా.

ఇదేంటి? గచ్చు మీద చుక్కలేంటి? నూనె కాదే, సీసా నా చేతిలోనే ఉంది. చెమటా? ఫ్యాను గిర్రున తిరుగుతుంటే చెమటేంటి?

సరే, సరే. నేను చూడలేదు. లేవకు, ఇంకాసేపు అలాగే పడుకో. మోకాలి పక్కన కాస్త గట్టిగా నొక్కుతాను. బయటికెళ్ళాక కళ్ళెందుకు ఎర్రబడ్డాయని ఎవరైనా అడిగితే, మా బావ మొరటోడు, ప్రాణం తోడేశాడు, మోకాలి నొప్పి అని చెప్పెయ్. నమ్ముతారు.

నీకైతే చెప్పుకోడానికి మోకాలుంది. నా కళ్ళెందుకు ఎర్రబడ్డాయని అడిగితే, నేనేం చూపించి చెప్పుకోనురా?