అతని సంగతి సరే, నీ సంగతేంటి?

1992 జూన్ 15వ తేదీన మా మానసిక ఆరోగ్య కేంద్రంలో మనోచికిత్సకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మా మేడంగారు, ఈ నెలాఖరున సీనియర్ పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేయనున్నారు. ఆనాడు వారికి దక్కింది మెట్ల కింది గది. ఫ్యాను వేస్తే వచ్చినవారి మాట వినపడదు, ఆపితే ఉక్కపోత. వారు ఫ్యాను ఆపి విన్నారు.

పదేళ్ళ అనంతరం, తోటి చికిత్సకుల పనిని పర్యవేక్షించే గురుతర బాధ్యత వారి భుజస్కంధాలపై పడింది. గది మాత్రం మారలేదు, ఫ్యానూ మారలేదు. పర్యవేక్షణంటే తప్పులు పట్టడమేనని భావించిన మేము, పరీక్షకు పోయినట్టే బిక్కుబిక్కుమంటూ వెళ్ళేవాళ్ళం. మేము చికిత్స చేస్తున్న మనిషి బాల్యం, భయాలు, మా పాండిత్యం అన్నీ ఏకరువు పెడితే, సాంతం విని ఒకే మాట అడిగేవారు: "అతని సంగతి సరే, నీ సంగతేంటి?" చివరికి అదే వారికి ముద్దుపేరైంది. "ఊరందరి మాటా గంటసేపు వింటుంది, నేను నోరు తెరిస్తే మాత్రం విషయానికి రండి అంటుంది" అని వారి శ్రీవారి ఫిర్యాదు.

నేను చేరిన రెండో ఏట, ఏడాదిగా నా వద్దకు వస్తున్న ఒక అమ్మాయి చెప్పాపెట్టకుండా మానేసింది. ఈ వృత్తికి నేను పనికిరానని తేల్చుకుని, రాజీనామా చేస్తానని మేడంగారికి చెప్పాను. ధైర్యవచనాలు పలుకుతారనుకుంటే, అలవాటైన ప్రశ్నే వేశారు. ఆ ఏడే మా నాన్న పోయాడని, ఆయన కూడా ఒక్క మాటైనా చెప్పకుండానే వెళ్ళిపోయాడని చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడువమ్మా. ఎవరి కోసమో మాత్రం తెలుసుకుని ఏడువు," అన్నారు.

ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. నేను ఉద్యోగం మానలేదు. ఈనాడు వారి స్థానంలో కూర్చోబోతున్నానంటే అది ఆ గంట పెట్టిన భిక్షే.

మొన్న మేడంగారు బాధ్యతల అప్పగింతల కోసం వచ్చి, ఎన్నడూ లేనిది, మేము కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. ఎవరికి ఏ కేసు బరువుగా ఉందో, ఎవరిని తొందరపెట్టకూడదో ఓపికగా చెప్పుకొచ్చారు. "వాళ్ళ సంగతి సరే మేడం, మీ సంగతేంటి?" అన్నాను.

"సోమవారం పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలో తెలీడం లేదమ్మా," అని కళ్ళు తుడుచుకున్నారు.

నేను ధైర్యవచనాలు పలకలేదు. లేచి ఫ్యాను ఆపాను.

వినేవారికి కొదవ లేకుండా, చెప్పుకోవలసినవన్నీ తీరిగ్గా చెప్పుకుంటూ, మేడంగారు శ్రీవారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. సోమవారం పది గంటల వేళ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు మేడం, అది మీదే.