సిర్గాపూర్ కుట్టుమిషన్లు

"తాతా, రేపు నేను మున్సిపల్ ఆఫీసుల డ్యూటీల జేరుతున్న గదా. నువ్వు గూడ గిసుంటి నౌకరే జేసినవంట. ఏం జేస్తుంటివి?"

ఏం జేస్తుంటినా? అభివృద్ధి జేస్తుంటి, బిడ్డా. నవ్వకు. మండలాఫీసుల నాకిచ్చిన పనే గది. ఊర్లల్ల జనానికి బతుకుదెరువు సూపెట్టాలె, ఎవ్వలు వలస పోవొద్దు. నా నౌకరి ఎంత మంచిగ నడుస్తుందో మా ఆఫీసున్న ఖేడ్ బస్టాండుల నిలబడితే తెలుస్తుండె. పట్నం బస్సు మీద మూటలు, లోపట మనుషులు, డోరుకు యాలాడుకుంట ఇంకింతమంది. గా బస్టాండుల చాయ్ రూపాయికే వస్తుండె. ఇప్పుడు రూపాయిస్తే బిచ్చపాయన గూడ మొకం సూస్తడు... ఏం జెప్తుంటి? ఆఁ, వలస.

సిర్గాపూర్ల కుట్టుమిషన్ల సెంటర్ వెట్టిచ్చిన. గప్పుడది మండలం గూడ గాలే. ఆడోళ్లు బట్టలు కుట్టుడు నేర్సుకుంటే ఇంటికాన్నే సంపాయిస్తరు, మొగోళ్లను గూడ ఆపుకుంటరు, గదీ మా ఉపాయం. మిషన్లొచ్చినయ్, నేర్పే టీచరమ్మొచ్చింది, పెద్దసారొచ్చి రిబ్బన్ గూడ కత్తిరిచ్చిండు.

మన సుజాతత్త లేదా, బడిల పంతులమ్మ? ఆమె తల్లి శివమ్మ గా సెంటర్ల జేరింది. మొగడు పట్నంల మేస్త్రీ కాడ కూలి. సుజాత గప్పుడు మూడో తరగతి. "సార్, నేను గీడుంటెనే పోరి బడికి వోతది. పట్నం తోల్కపోతే ఇటుకలు మోస్తది" అన్నది శివమ్మ. "నేనున్న గాదమ్మా, పరేషాన్ గాకు" అన్న నేను. మస్తు ధైర్యం జెప్పిన. ఆమె అందరికంటె జల్దీ నేర్సింది.

ఇగ సూడు మా తెలివి. కుట్టేటోళ్లు తయారైర్రు, కుట్టిచ్చుకునేటోళ్లేరి? దసర పోంగనే ఊరంత బస్సెక్కె. మిగిలింది ముసలోళ్లు. ముసలవ్వలకు కొత్త రైకలేం పని? వలస ఆపనీకి సెంటర్ వెడితిమి, సెంటర్ నడవాల్నంటే ముందుగాల వలస ఆగాలె. గీ ముచ్చట మీటింగుల ఒక్కరికన్న తట్టలే, నాకు సుత.

సెంటర్ మూతవడొద్దని నేనే బట్ట కొనిస్తుంటి. మీ నాయినమ్మకు రైకలే రైకలు. "గివన్ని నేను తొడగాల్నా, బర్రెకు తొడగాల్నా?" అని ఒర్రుతుండె. సూడు, వంటింట్ల నవ్వుతుంది, ఇనవడ్డట్టుంది.

గట్ల ఎన్ని దినాలు నడుస్తది? తాళమేసిర్రు. అంతల శివమ్మ మొగడు పట్నంకెళ్లి కబురు వెట్టె, బట్టల కార్ఖానల పనున్నది రమ్మని. నా సెంటర్ల నేర్సిన పనే! పోకుంట ఆపరా అంటే, చేతికి పని నేర్పి మరీ తోలిన. ఆమెకు ఉపాధి దొరికిందని పై ఆఫీసుకు రాస్తే శభాష్ అన్నరు. ఏడ దొరికిందని ఎవ్వలడగలే.

పొయ్యే దినం శివమ్మ పిల్లను తోల్కొని మనింటికొచ్చింది. నన్ను తిట్టినా మంచిగుండు. పోరి సంచిల పుస్తకాలన్ని సదురుకున్నది, పట్నంల గూడ బడికే వోతననుకున్నది పాపం. నేనేమో హాస్టలుకు దరఖాస్తు వెడ్దాం, పెద్దసారుతోని మాట్లాడ్త, వచ్చే యేడు సూద్దాం... గట్ల ఏందేందో అంటున్న. ఆఫీసు మాటలు నోటికి అలవాటైనయ్ గదా.

మీ నాయినమ్మ లోపట్నుంచొచ్చింది. పోరి చేతులకెళ్లి సంచి గుంజుకొని లోపటి అర్రల వెట్టింది. "నువ్వు పో శివమ్మా, బస్సు పోతది. పోరి నాకాడుంటది" అన్నది. గంతే. నన్ను అడగలే. పోరి అన్నం దినలే గా పూట, నాయినమ్మ కొంగు వట్టుకొని ఏడ్సి ఏడ్సి పండుకున్నది. మళ్ల పొద్దుగాల బడికి వోయింది. పదో తరగతి దాంక మనింట్లనే పెరిగింది.

నా నౌకరంతల వలస పోకుంట ఆగింది గా ఒక్క పోరి. ఆమెనన్న నేనాపిన్నా అంటే, గదీ లేదు.

సల్లంగుండు బిడ్డా. పెద్ద ఆఫీసరు గావాలె, నూరేండ్లు బతకాలె. అరె, నా కాళ్లెందుకు మొక్కుతున్నవ్? లే, వంటింట్లకు వోయి ఆమెయి మొక్కు.