కోటగోడ మీద మొహం

బహదూర్‌పురాలోని ఆ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి, కూతురు తెచ్చిన ఫోర్‌కే డిస్కులో పాత సినిమా చూస్తున్నారు. అందులో హీరోకి డూపుగా కోటగోడ మీంచి దూకింది తానేనని తండ్రి నలభై ఏళ్లుగా బస్తీ అంతటికీ చెబుతున్నాడు.

“నీ దుంకుడు వస్తున్నది బాపూ. ఆపి చూపిస్త.”

“ఆపకు. నడవనియ్యి.”

“క్యాసెట్ల నీ మొహం అంత మసక మసకగ ఉండె. దీంట్ల మస్తు సాఫ్‌గ కనవడ్తదట.”

“అందుకే వద్దంటున్న! రిమోట్ ఇటియ్యి.”

ఆమె అప్పటికే నొక్కేసింది. కాళ్లు గోడను వదిలిన మనిషి గాలిలో నిలిచిపోయాడు. ఆమె లేచి టీవీ దగ్గరికి వెళ్లింది.

“బాపూ... గీయన నువ్వు కాదు.”

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

“ఎవరు గీయన?”

“ఏసోబు. నా దోస్తు. దుంకాల్సింది నేనే. పైకెక్కినంక నా కాళ్లు వణికినయి. నా అంగీ ఇప్పించి వాడేసుకున్నడు.”

“తర్వాత?”

“కింద పరుపులు జరిగినయి. దవాఖానకు తీస్కపోతుంటెనే పాణం పోయింది.”

“మరి ఇన్నేండ్లు నువ్వే దుంకినన్నవ్?”

“నేను కాదంటే, ఎవరు దుంకిండ్రని అడుగుతరు గద బిడ్డా.”

ఆమె మళ్లీ రిమోట్ అందుకోబోయింది. ముసలాయన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“నడపకు. వాడింక కింద పడలే.”